బంకులో బంక

పెట్రోలు చెడిపోతుందని మనం సాధారణంగా అనుకోం. ఆవిరైపోతుందంటాం, కల్తీ అంటాం, రేటు పెరిగిందంటాం. పాలలాగా విరుగుతుందనో, పచ్చడిలాగా బూజు పడుతుందనో మాత్రం అనుకోం. కానీ ఆర్నెల్లు కదలకుండా నిలబెట్టిన పాత బండి కార్బురేటరు విప్పిన మెకానిక్ ఎవరినడిగినా చెప్తాడు. జెట్‌లో, ఫ్లోటు గిన్నె అడుగున, గోధుమరంగులో వార్నిష్ లాంటి పొర పట్టి ఉంటుంది. గోరుతో గీకితే సాగుతుంది, కొన్నాళ్లు ఆగితే పెళుసుగా రాలుతుంది. లాక్‌డౌన్ ఎత్తేశాక మా వీధి మెకానిక్ దగ్గర అలాంటి కార్బురేటర్లు వరసగా ఉండేవి. ఆయన దాన్ని 'బంక' అనేవాడు. ఇంగ్లీషు పరిశోధన పత్రాల్లోనూ నూరేళ్లుగా దాని పేరు 'గమ్', అంటే బంకే. పెట్రోలు అమ్మేచోటుని మనవాళ్లు బంకు అనడానికీ దీనికీ సంబంధం లేదు గానీ, మాట బాగా కుదిరింది.

ఈ బంకని తయారుచేసేది గాలిలోని ఆక్సిజన్. పెట్రోలులో జంటబంధాలున్న హైడ్రోకార్బన్లతో అది మెల్లగా కలుస్తుంది. కలిసినవి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులవుతాయి. పెద్దవి అడుక్కి దిగుతాయి. ఇంతవరకూ పాఠ్యపుస్తకం. నాకు ఆసక్తి కలిగించింది వేరే ప్రశ్న. ఈరోజు నీళ్లలా తేటగా ఉన్న పెట్రోలు ఆర్నెల్ల తర్వాత బంక కడుతుందా లేదా అన్నది ఈరోజే ఎలా తెలుస్తుంది? ట్యాంకరు గేటు దగ్గర నిలబడి ఉంది, కొనేవాడు సంతకం పెట్టాలి. ఆర్నెల్లు ఆగి చూద్దామంటే కుదరదు. రాగి గిన్నెలు, ఉక్కు పాత్రలు, గాజు గొట్టాలు, ఈ నూరేళ్లలో వచ్చిన పరికరాలన్నీ ఈ ఒక్క ఇబ్బందిలోంచి పుట్టినవే. వాటి గురించి చదువుతూ పోతే ఒక సంగతి పదేపదే ఎదురైంది. ప్రతి పరికరంలోనూ దాన్ని తయారుచేసినవాళ్ల గోదాము, వాళ్ల పంట, వాళ్ల వాతావరణం కొంచెం కొంచెం దాక్కుని ఉన్నాయి.

కథ పెట్రోలుకి ముందే మొదలవుతుంది. జెనీవాకి చెందిన నికొలా-తియొడోర్ ద సొస్యూర్ 1820 ప్రాంతంలో అక్రోటు నూనె మీద ఒక ప్రయోగం చేశాడు. పాదరసం మీద నిలబెట్టిన ఆక్సిజన్‌లో పల్చటి నూనె పొరని ఉంచి, అది ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటుందో కొలుస్తూ పోయాడు. ఎనిమిది నెలల్లో ఆ నూనె తన పరిమాణానికి మూడింతల వాయువు మాత్రమే పీల్చింది. ఆ తర్వాత పదంటే పది రోజుల్లో అరవై ఇంతలు పీల్చేసింది. ఎనిమిది నెలలు ఏమీ జరగనట్టు కూర్చుని, ఉన్నట్టుండి అంత ఆబగా. సర్వరు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఇది తెలిసిన వ్యవహారమే. మెమరీ కొద్దికొద్దిగా కారిపోతున్నా గ్రాఫులన్నీ నెలల తరబడి నున్నగా ఉంటాయి, ఒక రాత్రి రెండు గంటలకి ఫోన్ మోగుతుంది.

ఆ నిశ్శబ్ద కాలానికి తర్వాత్తర్వాత ఇండక్షన్ పీరియడ్ అని పేరొచ్చింది. నేను దాన్ని మౌనకాలం అంటాను. ఆ మౌనంలో నిజానికి పని జరుగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒక అణువు నుంచి ఒక హైడ్రోజన్ ఊడుతుంది. మిగిలిన ముక్క ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, పట్టుకున్నది పక్క అణువు మీద పడి దాని హైడ్రోజన్ లాక్కుంటుంది. పుకారు పాకినట్టు. పుకారు విన్న ప్రతివాడూ ఇంకొకడికి చెప్తాడు. కొన్నాళ్లకి, పోగైన పెరాక్సైడ్లు విరిగిపోవడం మొదలయ్యాక, ఒక్కొక్కడూ ఇద్దరికి చెప్తాడు. అక్కడితో మౌనం ముగుస్తుంది. ఇంధనాల నిలవని కొలిచే పరికరాల్లో చాలావాటి పని, ఈ మౌనం ఎంతసేపో కనిపెట్టడమే. ఎక్కడో దూరాన జరగబోయేదాన్ని కొన్ని గంటల్లోకి ఈడ్చుకు రావాలి, ఈడ్చే క్రమంలో దాని స్వభావం మారిపోకూడదు. రెండో షరతు దగ్గరే అందరూ తడబడ్డారు.

పెట్రోలుకి ఈ బెడద అమెరికాలో 1913 తర్వాత పెద్దదైంది. అంతకుముందు ముడిచమురుని కాచి, ఆవిరయ్యే భాగాన్ని పట్టి పెట్రోలుగా అమ్మేవారు. దాన్లో జంటబంధాలు దాదాపుగా ఉండవు, బంక కట్టేది తక్కువ. కార్లు పెరిగేసరికి ఆ పెట్రోలు చాల్లేదు. ఇండియానా రాష్ట్రంలోని వైటింగ్‌లో స్టాండర్డ్ ఆయిల్ రిఫైనరీలో విలియం బర్టన్, రాబర్ట్ హంఫ్రీస్ బరువైన నూనెని ఒత్తిడిలో వేడిచేసి పెద్ద అణువుల్ని విరగ్గొట్టే పద్ధతిని పనిలో పెట్టారు. దాంతో అదే ముడిచమురు నుంచి పెట్రోలు రెట్టింపు దాకా రాసాగింది. విరగ్గొట్టినప్పుడు విరిగినచోట జంటబంధాలు మిగులుతాయి కదా. ఆ కొత్త పెట్రోలు పసుపుగా ఉండేది, కంపు కొట్టేది, నిలవుంటే బంక కట్టేది. ఇంజను వాల్వులు అంటుకుపోయేవి. 'విరగ్గొట్టిన' పెట్రోలంటే కొనేవాళ్లకి అనుమానం పట్టుకుంది. మనదగ్గర పాలిష్ బియ్యానికీ దంపుడు బియ్యానికీ మధ్య ఉన్నట్టుగా 'అసలు' పెట్రోలు, 'చేసిన' పెట్రోలు అని రెండు కులాలు తయారయ్యాయి.

అనుమానం ఉన్నచోటికి పరీక్ష వస్తుంది. మొదట్లో బాగా చెలామణీ అయినది రాగి గిన్నె పరీక్ష. తళతళ తోమిన రాగి గిన్నెలో కొలిచిన పెట్రోలు పోసి, ఆవిరి మీద పెట్టి, అంతా ఎగిరిపోయాక అడుగున మిగిలినదాన్ని తూచేవారు. ఎక్కువ మిగిలితే చెడ్డ పెట్రోలు. చాలా న్యాయంగా కనిపించే పరీక్ష. వంటింటి తర్కం: మరిగించి చూడు, అడుగంటితే తెలుస్తుంది.

కానీ ఈ తూకంలో తూచేవాడి చెయ్యి కూడా పడింది. హైడ్రోకార్బన్లు ఆక్సిజన్‌తో కలవడాన్ని తొందరపెట్టే లోహాల్లో రాగి ముందువరసలో ఉంటుంది. పెట్రోలు ఆవిరవుతున్నంతసేపూ గిన్నె తానే బంకని తయారుచేస్తోంది. గిన్నెని ఎంత తోమారు, ఎంతసేపు వేడిచేశారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోయేది. అప్పటికే ఉన్న బంకా, ముందుముందు రాబోయే బంకా, గిన్నె పుట్టించిన బంకా, మూడూ కలిసి ఒక అంకెగా వచ్చేవి. ఆ అంకె పట్టుకుని కొనుగోలుదారులు సరుకు తిప్పి పంపేవారు.

దీని ఫలితం రిఫైనరీ లోపలికి పాకింది. రాగి గిన్నెలో నెగ్గాలంటే సులువైన దారి, పెట్రోలుని గంధకామ్లంతో గట్టిగా కడగడం. ఆమ్లం బంక కట్టే అణువుల్ని లాగేసేది. వాటితో పాటు బంక కట్టని మంచి ఓలెఫిన్లని కూడా లాగేసేది. విచిత్రమేమంటే ఆ ఓలెఫిన్లే ఇంజను కొట్టుకోకుండా కాపాడేవి, అంటే ఆక్టేన్ పెంచేవి. ఒక పిచ్చి గిన్నెని తృప్తిపరచడానికి పెట్రోలుని కొంత పారబోసి, మిగిలినదాన్ని కొంత నాసిరకం చేసేవారన్నమాట. పరికరం తప్పుగా కొలిస్తే కాగితం మీద అంకె తప్పుతుంది, అంతేగా అనుకుంటాం. ఇక్కడ కొలత తప్పితే వస్తువే మారిపోయింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే.

చిక్కుముడి విడదీయడానికి ఒక ప్రశ్నని రెండు చెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడెంత బంక ఉంది? ఇకముందు ఎంత త్వరగా కడుతుంది? మొదటిదానికి రాగి పోయి గాజు వచ్చింది. గాజు బీకరులో 50 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, పైనుంచి వేడిగాలి ఊది గబగబా ఆవిరి చేసేస్తారు, కొత్త బంక పుట్టే వ్యవధి ఇవ్వకుండా. ఈ పద్ధతి ఇవాళ్టికీ ఉంది. రెండోదానికి వచ్చినది ఈ కథలో నాకు బాగా నచ్చిన పరికరం. దాన్ని బాంబు అనేవారు.

పేరు చూసి భయపడక్కర్లేదు. రసాయనశాస్త్రంలో ఒత్తిడికి తట్టుకునే మూత బిగించిన పాత్రని అప్పట్లో అలాగే పిలిచేవారు. ఈమధ్య ప్రమాణపత్రాల్లో ఆ మాట తీసేసి 'ప్రెషర్ వెసెల్' అని మర్యాదగా రాస్తున్నారు. గట్టి ఉక్కు పాత్ర. లోపల గాజు గ్లాసు, దాన్లో 50 మిల్లీలీటర్ల పెట్రోలు. పాత్రలోకి ఆక్సిజన్ నింపుతారు, చదరపు అంగుళానికి నూరు పౌండ్ల ఒత్తిడి వచ్చేదాకా. మన బైకు టైరులో ఉండేదానికి మూడింతల పైన. లోపలి గాలిని తోసెయ్యడానికి ఒకసారి వదిలేసి, మళ్లీ నింపి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, మరిగే నీళ్లలో ముంచుతారు. ఇక చెయ్యాల్సిందల్లా గడియారాన్నీ, ఒత్తిడి ముల్లునీ చూస్తూ కూర్చోవడమే.

వేడికి ముల్లు మొదట పైకెక్కుతుంది. తర్వాత ఒకచోట నిలబడుతుంది. అదే మౌనకాలం. గంట, రెండు గంటలు, నాలుగు. ఉన్నట్టుండి ముల్లు దిగడం మొదలవుతుంది, పెట్రోలు ఆక్సిజన్‌ని తాగుతోందని అర్థం. పదిహేను నిమిషాల్లో రెండు పౌండ్లు పడిపోయి, తర్వాతి పదిహేను నిమిషాల్లో ఇంకో రెండు పౌండ్లకి తగ్గకుండా పడితే, మౌనం మొదట తెగినచోటు గుర్తుపెట్టుకుంటారు. అప్పటిదాకా పట్టిన నిమిషాలే జవాబు. సొస్యూర్ ఎనిమిది నెలలు చూసిన తంతే, ఒక పూటలో. మన దేశంలోనూ యూరప్‌లోనూ బండ్ల పెట్రోలు ఈ పరీక్షలో కనీసం 360 నిమిషాలు నిలబడాలని ఇవాళ్టి నియమం.

ఈ పరీక్ష వివరాల్లో నాకు ముచ్చటగా తోచినది ఒకటుంది. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరిగేది సముద్రమట్టానికి దగ్గర ఊళ్లలోనే. కొండ మీద ల్యాబ్ ఉంటే తక్కువ వేడికే మరిగిపోతాయి, పెట్రోలు అన్యాయంగా ఎక్కువసేపు నిలబడినట్టు కనిపిస్తుంది. అందుకని అలాంటిచోట నీళ్లలో గ్లైకాల్ లాంటిదేదో కలిపి మరిగే వేడిని సరిచెయ్యమని పద్ధతిలోనే రాసి ఉంటుంది. ఊరి ఎత్తు అంకెలోకి జొరబడకుండా చూసుకున్నారు. అంత జాగ్రత్తపడ్డవాళ్లు కూడా ఊరి ఎండ సంగతి ఏం చేశారన్నది చివర్లో చెప్తాను.

బాంబు పరీక్ష కుదురుకుంటున్న రోజుల్లోనే బంకకి మందు కూడా దొరికింది. అది వచ్చిన దారి విచిత్రమైనది. మూకుడులో నూనె మరీ కాగి పొగలొస్తే కళ్లు మండుతాయి కదా, ఆ మంటకి ముఖ్యకారణం అక్రోలీన్ అనే పదార్థం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ దాన్ని విషవాయువుగా వాడబోయింది. కానీ అక్రోలీన్ నిలవుండదు. సీసాలోనే కొన్నాళ్లకి తెల్లటి, దేన్లోనూ కరగని గడ్డ అయిపోతుంది. ఆ గడ్డ కట్టడాన్ని ఆపమని షార్ల్ మూర్యూ, షార్ల్ దుఫ్రెస్‌లకి పని అప్పగించారు. హైడ్రోక్వినోన్ వంటివి ఏ కొంచెం కలిపినా గడ్డ కట్టడం ఆగిపోతోందని వాళ్లు కనిపెట్టారు. యుద్ధం అయ్యాక అదే పని కొనసాగించి, ఇది అక్రోలీన్ ఒక్కదాని సంగతి కాదని, గాలి తగిలి పాడయ్యే పదార్థాలు చాలావాటికి ఇలాంటి మందులు పనిచేస్తాయని 1922లో ప్రకటించారు. వీటికి వాళ్లు పెట్టిన పేరు 'యాంటీఆక్సిజన్లు'. ఇప్పుడు టీ డబ్బాల మీదా ముఖానికి రాసుకునే క్రీముల మీదా కనిపించే 'యాంటీఆక్సిడెంట్' అనే మాటకి పెద్దన్న లాంటిది. ఇందాకటి పోలికలో చెప్పాలంటే, పుకారు విని ఇంకెవరికీ చెప్పకుండా ఊరుకునే మనిషి.

అమెరికాలో యూనివర్సల్ ఆయిల్ ప్రొడక్ట్స్ వంటి సంస్థలు ఈ ఆలోచనని పెట్రోలు మీద పెట్టాయి. 1930ల మొదట్లో గుస్తావ్ ఎగ్లోఫ్ బృందం ఇలాంటి నిరోధకాల మీద చాలా పనిచేసింది. లక్ష పాళ్లలో ఏ కొద్ది పాళ్లో కలిపితే బాంబులో ముల్లు గంటల తరబడి కదిలేది కాదు. ఆమ్లంతో చావగొట్టి కడగాల్సిన అవసరం చాలావరకు తప్పింది. ఓలెఫిన్లు ఉండొచ్చు, ఆక్టేన్ ఉండొచ్చు, బంక కట్టకుండా కాపలా పెడితే చాలు. రాగి గిన్నె ఒక్కటే కొలబద్ద అయి ఉంటే ఈ మందుల విలువ అంత స్పష్టంగా కనిపించేది కాదు. కొలిచే పద్ధతి మారాకే మందు పనిచేస్తున్నట్టు తెలిసింది.

రాగి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. పెట్రోలు కంపు తీసేందుకు వాడే ఒక పద్ధతిలో రాగి లవణాలుండేవి. పైపుల్లో, కవాటాల్లో ఇత్తడి ఉండేది. అణుమాత్రం రాగి కరిగినా నిరోధకం ఖర్చైపోయేది. డ్యూపాంట్ కంపెనీ జాక్సన్ ల్యాబొరేటరీలో చార్ల్స్ పెడర్సన్ అనే కెమిస్టు 1930లలో దీనికి విరుగుడు పట్టుకున్నాడు. రాగి అణువుని నలువైపులా చుట్టేసి, పనిచెయ్యకుండా కట్టిపడేసే పదార్థం. పెట్రోలియంలో 'మెటల్ డీయాక్టివేటర్' అని దానికి పేరు. ఈ పెడర్సన్ కొరియాలో పుట్టాడు, తండ్రి నార్వే, తల్లి జపాన్, పీహెచ్‌డీ చెయ్యలేదు. లోహాల్ని చుట్టే అణువుల మీద మోజు ఆయన్ని వదల్లేదు. 1960ల్లో వనాడియాన్ని చుట్టే ఒక పదార్థం చెయ్యబోతుంటే, అనుకోకుండా పక్కన తేలిన కొంచెం తెల్లటి పొడిని పారెయ్యకుండా చూశాడు. అదే మొదటి క్రౌన్ ఈథర్. 1987లో డొనాల్డ్ క్రామ్, జాన్-మారీ లెన్‌లతో పాటు నోబెల్ బహుమతి వచ్చింది.

విమాన ఇంధనం కథని త్వరగా దాటేస్తాను, అది వేరే వ్యాసమంత ఉంది. జెట్ విమానాల్లో ఇంధనం మండేముందు ఇంజను నూనెని చల్లబరిచే పని కూడా చేస్తుంది. అక్కడ బెంగ ఆర్నెల్ల నిలవ గురించి కాదు, వేడి గొట్టంలో గడిపే కొద్ది క్షణాల గురించి. బాంబు అక్కడ అక్కరకు రాలేదు. 1970ల నుంచి వాడుతున్న పరికరంలో, 260 డిగ్రీల అల్యూమినియం గొట్టం మీదుగా రెండున్నర గంటలు ఇంధనాన్ని పారించి, ఆ గొట్టం రంగు ఎంత మారిందో ఒక రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. కంటితో. కోట్ల రూపాయల ఇంజన్ల భద్రత, ల్యాబ్‌లో ఒక మనిషి గోధుమరంగుని తేనెరంగుతో ఎలా పోల్చుకున్నాడన్నదాని మీద దశాబ్దాలపాటు ఆధారపడింది. రంగుని పక్కనపెట్టి పొర మందాన్నే కొలిచే యంత్రాలు ఈమధ్యే వచ్చాయి.

మనకి దగ్గరగా వచ్చే కథ బయోడీజిల్‌ది. దాని పరికరం వంటనూనెల ప్రపంచం నుంచి వచ్చింది. నూనె పాతబడితే వచ్చే ఆ ఘాటైన మక్కు వాసన, పెట్రోలులో బంక, రెండూ ఒకే తంతు తాలూకు ముఖాలు. వంటనూనెల వాళ్లు 1930ల నుంచీ వేడి నూనెలోకి గాలి బుడగలు పంపి, మధ్యమధ్య కొంచెం తీసి పెరాక్సైడు ఎంతుందో చూసేవారు. రాత్రంతా ఒకరు కాపలా ఉండాల్సిన పని. 1974లో స్విట్జర్లాండ్‌లో హాడోర్న్, జూర్హర్ అనే ఇద్దరు దీన్ని తేలిక చేశారు. నూనె విరిగేటప్పుడు పుట్టే తేలికపాటి ఆమ్లాలు, ముఖ్యంగా ఫార్మిక్ ఆమ్లం, గాలితో పాటు ఎగిరిపోతాయి. ఆ గాలిని మంచినీళ్లలోకి పంపితే నీళ్ల విద్యుద్వాహకత పెరుగుతుంది. రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి ఇంటికెళ్లిపోవచ్చు. మెట్రోమ్ అనే స్విస్ కంపెనీ దీన్ని 'ర్యాన్సిమాట్' పేరుతో యంత్రంగా అమ్మింది.

ఇప్పటి యంత్రం గ్రాఫు గీస్తుంది. గీత చాలాసేపు అడ్డంగా సాగి, ఒకచోట మెడ ఎత్తుతుంది. ఎక్కడ ఎత్తిందో తేల్చేది మనిషి కాదు, గీత తాలూకు రెండో డెరివేటివ్ ఎక్కడ గరిష్ఠమో లెక్కేసే నాలుగు లైన్ల ప్రోగ్రాము. బాంబు ముల్లు దగ్గర కూర్చున్నవాడి ఓపిక ఇక్కడ కోడ్ అయింది.

2003లో యూరప్ ఈ పద్ధతిని బయోడీజిల్‌కి ప్రమాణంగా తీసుకుంది. వేడి 110 డిగ్రీలు, మౌనకాలం కనీసం 6 గంటలు. 2012లో దాన్ని 8 గంటలు చేశారు. అదే పరికరం, అదే వేడి, అమెరికా ప్రమాణంలో మాత్రం 3 గంటలు. బయోడీజిల్ అట్లాంటిక్ దాటితే రసాయనశాస్త్రం మారదు కదా. మారింది పంట. యూరప్‌లో బయోడీజిల్ ఎక్కువగా రేప్‌సీడ్‌ది, అంటే మన ఆవాలకి దగ్గరి చుట్టం. అమెరికాలో సోయాది. సోయా నూనెలో గాలికి త్వరగా లొంగే అణువుల పాలు ఎక్కువ. యూరప్ ప్రమాణంలోనే అయోడిన్ విలువ 120 దాటకూడదన్న ఇంకో నియమముంది, అది ఉత్త సోయా బయోడీజిల్‌ని దాదాపుగా గుమ్మం బయటే ఆపేస్తుంది. దీన్ని కుట్ర అనను. కానీ ఎవరి చేలో పండేది వాళ్ల పరీక్షలో నెగ్గేలా అంకెలు కుదిరాయని మాత్రం నా చదువు.

మరి మన చేలో ఏం పండింది? 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫాని దేశానికి డీజిల్ చెట్టుగా చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానితో పాటు కానుగ మీద కూడా ఆశలు పెట్టుకున్నారు. కానుగ మనకి కొత్త చెట్టు కాదు, దాని నూనె దీపాలకి వాడినదే. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘాలు కానుగలు నాటి, గింజలు ఆడించి నూనె తీశాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లకి తోడుంది. ఆ నూనె డీజిల్ బదులు వాడితే తగ్గే కర్బనానికి లెక్కకట్టి, 147 టన్నులకి ప్రపంచబ్యాంకు 2003లో ఆ మహిళలకి 645 డాలర్లు చెల్లించింది.

2005లో మన బయోడీజిల్ ప్రమాణం, ఐఎస్ 15607, వచ్చింది. నిలవ పరీక్ష యూరప్‌దే: 110 డిగ్రీలు, 6 గంటలు. తర్వాత వాళ్లు 8 అన్నాక మనమూ 2016లో 8 అన్నాం. జట్రోఫా బయోడీజిల్ ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధకుల చేతిలో నిలిచింది 3 గంటల పైచిలుకు. కానుగదీ అదే వరస. పామ్ మాత్రం 13 గంటలు దాటింది, అందుకని రెండూ కలిపితే ఎలా ఉంటుందో చూశారు; లేదంటే యాంటీఆక్సిడెంట్ కలపాలి. రెండూ పనిచేస్తాయి, రెండూ ఖర్చే.

జట్రోఫా పథకం పడిపోయింది ఈ పరీక్ష వల్ల కాదు. చెట్లు కాయలేదు, కాసినవి కొనేవాళ్లు లేరు, బీడుభూమి అనుకున్నది ఎవరో పశువుల్ని మేపుకునే భూమి. 2017కల్లా 20 శాతం కలపాలన్న 2009 నాటి విధానం కాగితం మీదే ఉండిపోయింది. అయినా నా ప్రశ్న నాకుంది. ఈ వారం గానుగాడించి వచ్చే వారం ఊళ్లోనే ఇంజన్లో పోసే నూనెకీ, ఓడరేవు నుంచి డిపోకి, డిపో నుంచి బంకుకి నెలలు పట్టి వెళ్లే నూనెకీ ఒకే మౌనకాలం ఎందుకు? పైప్‌లైను, డిపో ఉన్నవాడి గోదాముని కొలవడానికి పెట్టిన అంకె, గోదామే అక్కర్లేని గూడెం దగ్గర ఏం కొలుస్తుంది? దీనికి ఇంజన్ల కంపెనీల జవాబు నాకు తెలుసు. ఇంజెక్టరు రంధ్రానికి నూనె ఏ ఊరిదో తెలియదు, బంక పడితే మూసుకుపోతుంది. అది నిజమే. పంపుసెట్టు ఇంజనుకీ కొత్త కారు ఇంజనుకీ ఒకటే నిజం కాదు, అంతే.

ఇప్పుడు ఎండ సంగతి. 110 డిగ్రీల దగ్గర ఆరు గంటలంటే మామూలు డ్రమ్ములో ఎన్ని నెలలు? కచ్చితమైన లెక్క లేదు, ఉండదు కూడా. అంత వేడిలో జరిగే చర్యలు కొన్ని మామూలు వేడిలో జరగనే జరగవు, మామూలు వేడిలో ముఖ్యమైనవి అక్కడ వెనకబడతాయి. ఈమధ్య వచ్చిన పెట్రోఆక్సీ అనే చిన్న యంత్రం ఇంకా ముందుకెళ్లింది. 5 మిల్లీలీటర్లు, 140 డిగ్రీలు, ఆక్సిజన్ ఒత్తిడి పదిశాతం పడగానే జవాబు. కాఫీ తాగి వచ్చేలోపు అయిపోవచ్చు. ఎంత త్వరగా జవాబొస్తే డ్రమ్ముకి అంత దూరమవుతున్నాం. మేం సర్వర్లకి చేసే లోడ్ టెస్టూ ఇలాంటిదే, పదినిమిషాల్లో లక్షమందిని తోస్తే ఏడాదిపాటు రోజుకి నూరుమంది వస్తే ఏమవుతుందో తెలియదు.

వీటన్నిట్లోకీ నిదానమైన పరీక్ష ఒకటుంది, డీజిల్ తరహా ఇంధనాలకి. గాజు సీసాల్లో 400 మిల్లీలీటర్ల చొప్పున పోసి, 43 డిగ్రీల పెట్టెలో పెట్టి, 4, 8, 12, 18, 24 వారాలకి ఒక్కో సీసా తీసి, అడుగున ఏం దిగిందో వడగట్టి తూస్తారు. బాంబు లేదు, ఒత్తిడి లేదు. ఆర్నెల్లు పడుతుంది గనక సరుకు గేటు దగ్గర నిలబెట్టి చెయ్యలేరు. మిగతా పరీక్షలు ఎంత నమ్మదగ్గవో చూడ్డానికి దీన్ని వాడతారు. దీన్లో ఒక వారం, మామూలు నిలవలో ఒక నెలకి సమానమని లెక్క. ఆ 'మామూలు' అంటే 21 డిగ్రీలు.

మే నెలలో రామగుండంలో 43 డిగ్రీలంటే ఎవరూ వార్త రాయరు. రాత్రుళ్లు తగ్గుతుంది, బంకుల్లో ట్యాంకులు భూమిలో ఉంటాయి, నిజమే. కానీ పొలం గట్టున రేకుల షెడ్డులో, జనరేటరు పక్కన మూత సరిగ్గా పట్టని డ్రమ్ములో ఉండే డీజిల్ సంగతి వేరు. ల్యాబ్‌లో కాలాన్ని పరిగెత్తించడానికి పెట్టిన వేడి అక్కడ మధ్యాహ్నం రెండు గంటల వేడి. డ్రమ్ముకి ఇత్తడి కుళాయి ఒకటి బిగించి ఉంటుంది.